డౌన్ సిండ్రోమ్‌లో హోమోసిస్టీన్ స్థాయి – జన్యుభేదాల పాత్ర

21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ప్రతులుగా ఉండడం వల్ల డౌన్ సిండ్రోమ్ కలుగుతుంది. ఈ కారణం 1959లో వెల్లడైంది. ఈ అదనపు ప్రతి ప్రభావం శరీరంలోని రసాయన చర్యలపైనా కనిపిస్తుంది. అందుకు హోమోసిస్టీన్ చక్కని ఉదాహరణ.

ఆహారం ద్వారా లభించే మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుండి శరీరంలో హోమోసిస్టీన్ ఏర్పడుతుంది. ఇది ఖర్చయ్యే మార్గాలు ప్రధానంగా రెండు. ఒకటి, ఫోలేట్, బి12 విటమిన్ల సాయంతో తిరిగి మిథియోనిన్‌గా మారడం. రెండవది, సి.బి.ఎస్. అనే ఎంజైము చర్యతో, బి6 విటమిన్ తోడ్పాటుతో సిస్టథయోనిన్‌గా మారడం.

సి.బి.ఎస్. జన్యువు 21వ క్రోమోజోముపైనే ఉంది. మూడు ప్రతుల వల్ల ఎంజైము చర్య హెచ్చి, రక్తంలో హోమోసిస్టీన్ తగ్గే వీలుంది. దీనికి భిన్నమైన ప్రభావం 1వ క్రోమోజోముపై ఉన్న ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. జన్యువుది. అందులో 677వ స్థానాన సైటోసిన్‌కు బదులు థైమిన్ ఉన్నవారిలో సంబంధిత ఎంజైము సామర్థ్యం తగ్గుతుంది. రెండు ప్రతులలోనూ ఈ మార్పు ఉండి, ఫోలేట్ కూడా కొరవడితే హోమోసిస్టీన్ పెరుగుతుంది.

ఈ రెండు ప్రభావాలు ఒకే వ్యక్తిలో కలిసినప్పుడు పరీక్షలో సాధారణ విలువే కనిపించవచ్చు. అంతమాత్రాన ఫోలేట్ స్థితి సక్రమంగా ఉన్నదని నిర్ధారించలేము. తక్కువ విలువ కూడా ఆరోగ్యానికి హామీ కాదు. హోమోసిస్టీన్ ఎక్కువగా రెండవ మార్గంలోకి మళ్లితే మిథియోనిన్ పునరుత్పత్తికి కొరత ఏర్పడవచ్చు. కనుక డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఈ విలువను ఫోలేట్, బి12 స్థాయిలతోను, జన్యుభేదాలతోను కలిపి పరిశీలించడమే శాస్త్రీయం.