ఎముక సిమెంటు గట్టిపడిందని కాంతి ఎలా చెబుతుంది?

ఎముకలో చిన్న ఖాళీ ఏర్పడితే, దాన్ని పూడ్చడానికి వైద్యులు కాల్షియం ఫాస్ఫేట్ సిమెంటు వాడుతుంటారు. పొడిని ద్రవంతో కలిపి, ముద్ద చేసి నింపుతారు. ఆల్ఫా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ పొడి అయితే నీటిలో కరుగుతూ, హైడ్రాక్సీ అపటైట్ స్ఫటికాలుగా మారుతుంది. ఆ స్ఫటికాలు ఒకదానిలో ఒకటి చిక్కుకోవడంతో ముద్ద గట్టిపడుతుంది. మన ఎముకల్లోని ఖనిజమూ ఈ అపటైట్ కుటుంబానిదే.

మరి పొడి నిజంగా మారిందని ఎలా తెలుస్తుంది?

ఫాస్ఫేట్‌లో ఒక ఫాస్ఫరస్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులుంటాయి. వాటి మధ్య బంధాలు ఎప్పుడూ కంపిస్తూనే ఉంటాయి. బిగింపు మారితే వీణ తీగ స్వరం మారినట్టు, స్ఫటికం మారితే ఈ కంపనమూ మారుతుంది. సిమెంటుపై లేజర్ వేస్తే, చెదిరిన కాంతిలో అతి కొద్ది భాగం ఈ కంపనాల వల్ల రంగు మారి వస్తుంది. 1928లో సి.వి.రామన్ కనుగొన్నది ఈ ప్రభావాన్నే. రంగు ఎంత మారిందో గ్రాఫు గీస్తే, హైడ్రాక్సీ అపటైట్‌కు సెంటీమీటరుకు 960 తరంగాల దగ్గర, సిమెంటులో ఏర్పడగల బ్రషైట్ అనే మరో ఫాస్ఫేట్‌కు దాదాపు 986 దగ్గర శిఖరం కనిపిస్తుంది.

తడి ముద్దను ఆరబెట్టకుండానే ఎందుకు చూడగలం?

రామన్ పద్ధతిలో నీటి సంకేతం బలహీనం. అందుకే సిమెంటు గట్టిపడుతుండగానే పాత శిఖరం తగ్గడం, కొత్తది పెరగడం గమనించవచ్చు. ఇది చాలా ముఖ్యం. బ్రషైట్ శరీరంలో త్వరగా కరుగుతుంది, హైడ్రాక్సీ అపటైట్ ఎక్కువకాలం నిలుస్తుంది. ఏది ఏర్పడిందో తెలిస్తేనే రోగికి తగిన సిమెంటు తయారుచేయగలం.