బతకడం వేరు, పండడం వేరు

కరవును తట్టుకునే జన్యువు దొరికిందన్న వార్త తరచూ ఏదో ఒక మూల నుంచి వస్తూనే ఉంటుంది. పక్కనే ఫొటో: ఒక కుండీలో మొక్క వాడి వేలాడుతుంటుంది, రెండోదానిలో పచ్చగా నిలబడి ఉంటుంది. ఆ ఫొటో అబద్ధమేమీ కాదు. కానీ మొక్క చావకుండా ఉండడానికీ, ఎకరాకు నాలుగు బస్తాలు ఎక్కువ ఇవ్వడానికీ మధ్య ఉన్న దూరం అందులో కనిపించదు. డ్రెబ్ అనే జన్యు కుటుంబం కథంతా ఆ దూరం గురించే.

జపాన్‌లో కజువో షినోజాకి, కజుకో యమగుచి-షినోజాకి బృందం 1998లో ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో డ్రెబ్1ఎ, డ్రెబ్2ఎ జన్యువులను గుర్తించింది. ఇవి పెత్తనం చేసే జన్యువులు. వీటి ప్రొటీన్లు డీఎన్‌ఏ మీద ఒక చిన్న అక్షర వరుసను పోల్చుకుని అంటుకుంటాయి. ఆ వరుస ఉన్న జన్యువులు పదుల సంఖ్యలో ఒక్కసారిగా పనిలోకి దిగి, కణం ఎండిపోకుండా కాచే ప్రొటీన్లను, చక్కెరలను తయారుచేయిస్తాయి. అరబిడాప్సిస్ ఒక్కదానిలోనే ఈ కుటుంబానికి 50 మందికి పైగా సభ్యులు. తమాషా ఏమిటంటే, కరవు ప్రయోగాల్లో అందరూ వాడిన డ్రెబ్1ఎ మొక్కలో సహజంగా మేలుకునేది చలికి! నీటి ఎద్దడికీ ఉప్పుకూ స్పందించేది డ్రెబ్2 శాఖ.

అసలు పాఠం 1999లో అదే బృందం ప్రయోగంలో దొరికింది. డ్రెబ్1ఎను రాత్రీపగలూ పనిచేయించే ప్రమోటర్‌తో, అంటే జన్యువును మేల్కొలిపే డీఎన్‌ఏ మీటతో, జోడిస్తే మొక్కలు నీళ్లు లేకున్నా బతికాయి, కానీ గిడసబారిపోయాయి. నీటి కొరత వచ్చినప్పుడే మేలుకునే ఆర్‌డీ29ఎ ప్రమోటర్‌తో జోడిస్తే ఎదుగుదల దాదాపు మామూలుగానే ఉంది, తట్టుకునే శక్తీ వచ్చింది. అంటే కాపలాకు ఖర్చుంది, ఆ ఖర్చును పెట్టేది ఎదుగుదల ఖాతాలోంచే. అందుకే ఏ జన్యువు అన్నదానికన్నా, అది ఎప్పుడు మేలుకుంటుందన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

కుండీలో గెలిచింది పొలంలో గెలవదన్న ఆక్షేపణ ఉంది. నిజమే. మెక్సికోలోని సిమిట్ పరిశోధన కేంద్రంలో డ్రెబ్1ఎ గోధుమ కుండీల్లో ఆలస్యంగా వాడింది, పొలంలో దిగుబడి దగ్గరికి వచ్చేసరికి మామూలు గోధుమను స్పష్టంగా మించలేకపోయింది. కానీ పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో అదే జన్యువును జేఎల్ 24 రకం వేరుశనగలో పెట్టి చేసిన పని ఇంకోలా నడిచింది. అక్కడ బతికిన మొక్కలను లెక్కపెట్టి ఊరుకోలేదు, ఆకుల నుంచి ఆవిరైన నీటికి ఎంత పదార్థం తయారైందో తూచారు. నీటి ఎద్దడిలో ఒక రకం 40 శాతం మెరుగ్గా కనిపించింది. తర్వాతి పరిశీలనల్లో బెట్ట సమయంలో వేర్లు లోతు పొరల్లోకి దిగి ఎక్కువ నీరు తోడుకున్నట్టు తేలింది. కుండీ అడుగు తగిలితే ఆగిపోయే వేరు ఈ సంగతి ఎలా చెబుతుంది? అయినా ఆ వేరుశనగ రైతు చేతికి రాలేదు.

కరవు ఒక్క జన్యువు పని కాదన్నది రెండో ఆక్షేపణ. అంతకన్నా పెద్ద చిక్కు, కరవే ఒక్కటి కాదు. నల్లరేగడిలో శనగకు చివర్లో తేమ అయిపోతుంది, ముందు నుంచీ పొదుపుగా తాగిన మొక్కకే గింజ నిండుతుంది. రాయలసీమ ఎర్రనేలల్లో వేరుశనగకు బెట్ట నడి పంటలో వస్తుంది. అక్కడ ప్రతి చిన్న బెట్టకూ ఆకు రంధ్రాలు మూసుకునే మొక్క గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌నూ పోగొట్టుకుంటుంది. ఊడలు దిగే వేళ ఆకలితో ఉంటుంది. ఒకచోట వరమైన గుణం ఇంకోచోట భారం.

2025లో కేంద్రం ప్రకటించిన పూసా డీఎస్‌టీ రైస్ 1కీ ఇదే కొలత. మన మారుటేరు వరి రకం ఎంటీయూ 1010లో డీఎస్‌టీ అనే వేరే కుటుంబపు జన్యువును పనిచేయకుండా చేసి దాన్ని రూపొందించారు. ఆ జన్యువు ఆగితే ఆకు రంధ్రాలు తగ్గుతాయి. కాబట్టి ఉప్పునేలలో, ఎండినమడిలో అది ఎలా నిలిచిందన్న లెక్క ఒక్కటే చాలదు. కాలువ నీళ్లు నిండుగా పారిన ఏడాది, పక్క మడిలోని మామూలు 1010తో పోలిస్తే అది ఎన్ని బస్తాలు ఇచ్చిందో కూడా రైతు ముందు పెట్టాలి.