తాతగారి భుజముమీది నక్షత్రములు

పాత పెట్టె అడుగున ఒక ఖాకీ గుడ్డముక్క దొరకును. దానిమీద జరీతో రెండు నక్షత్రములు కుట్టియుండును. కనుక తాతగారు సైన్యములో లెఫ్టినెంటు అని ఇంటిల్లిపాదియు నిశ్చయించుకొందురు. నక్షత్రములు లెక్కించినంత మాత్రమున హోదా తేలదని మేము మనవి చేయుచున్నాము. సుబేదారునకును రెండు నక్షత్రములే.

మొదట కాలమును చూడవలెను. 1950 జనవరి 26న భారత సైన్యపు చిహ్నములలో కిరీటము పోయి అశోకుని సింహములు వచ్చినవి. బ్రిటిషు తరహా నాలుగు మూలల నక్షత్రమునకు బదులు అయిదు కోణముల నక్షత్రము వచ్చినది. కిరీటమున్న ముక్క అంతకు ముందటిదే.

ఇక పట్టీ సంగతి. రెండు నక్షత్రములతో ఎరుపు, పసుపు, ఎరుపు చారల సన్నని పట్టీ యున్నచో అది సుబేదారుది. ఒకే నక్షత్రమైనచో జమాదారుది. ఈ హోదాకే 1965లో నాయబ్ సుబేదారు అను పేరు వచ్చినది. లెఫ్టినెంటునకు పట్టీ లేదు. అయితే మిగుల పాత ముక్కలలో సుబేదారునకును పట్టీ కానరాదు. అప్పుడు సర్వీసు కాగితములే శరణ్యము. సిపాయిగా చేరి మెట్టుమెట్టుగా సుబేదారైన వానిని లెఫ్టినెంటనుట ఆయన గౌరవమును పెంచుట కాదని మా అభిప్రాయము.

చేతికి కుట్టు కోణపు గీతలు ఒకటి లాన్సు నాయక్‌కు, రెండు నాయక్‌కు, మూడు హవల్దారుకు. ఇవి కాలమును చెప్పవు.

నల్లబడిన జరీని చింతపండుతో తోమరాదు. వెండితీగమీది బంగారుపూత పోవును. వెనుక అంటియున్న పాత దారమును, కోటుపీలికను కూడ అట్లే ఉంచవలెను.