కెమేరా యెదుట మొదట కూర్చుండువారెవరు?

చెట్టును, కొండను చిత్రము తీయువానికి అవి యెదురాడక నిలిచియుండును. మనుష్యుని ముఖమును తీయదలచినవానికి మాత్రము ముందుగా ఒక మనుష్యుడు కావలెను. ఆ మనుష్యునకు ఓపిక యుండవలెను. తీయువానియందు నమ్మకము కలుగవలెను. క్రొత్తగా ఈ కళ నేర్చు విద్యార్థికి ఇట్టివా రెక్కడ లభింతురు? ప్రసిద్ధులైన ఛాయాచిత్రకారుల తొలి దినములను పరిశీలించినచో దీనికి సమాధానము దొరకును.

1839వ సంవత్సరమున పారిస్ నగరమున డాగేర్ కనుగొనిన ఛాయాచిత్ర విధానము లోకమునకు వెల్లడియయ్యెను. ఆ యేడే అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున రాబర్ట్ కార్నీలియస్ అను యువకుడు తన కెమేరాను నిలిపి, దాని యెదుట తానే కొన్ని నిమిషములు కదలక నిలిచి, తన చిత్రమును తీసికొనెను. నేటికి నిలిచియున్న మానవ ఛాయాచిత్రములలో అతి ప్రాచీనమైన వానిలో అది యొకటి. కావున నేర్చువానికి మొదటి నమూనా తానే. కదలక యుండుట యెంత కష్టమో తనకు తెలిసినగాని యితరుల యిబ్బంది తెలియదు.

కలకత్తాలో 1815లో జన్మించిన జూలియా మార్గరెట్ కామెరన్‌కు 48 ఏండ్ల వయస్సున కుమార్తె కెమేరాను కానుకగా ఇచ్చెను. అప్పుడామె ఇంగ్లండులోని వైట్ ద్వీపమున నివసించుచుండెను. ఇంటి కోళ్లశాలనే ఆమె స్టూడియోగా మార్చుకొనెను. మొదట ఒక రైతునకు గంటకు అర క్రౌను చొప్పున కూలి యిచ్చి కూర్చుండబెట్టెను. ఎన్నో గంటలు గడచిన పిదప ఒక చిత్రము కుదిరెను. దానిని ఆరబెట్టుచుండగా చేయి తగిలి చెరిగిపోయెను. 1864 జనవరిలో ఆనీ అను బాలిక చిత్రము చక్కగా వచ్చినప్పుడు, ఆ చిత్రమును చేసినది ఆ పిల్లయే యన్నంత సంతోషముతో ఆమెకు కానుక లిచ్చుటకై ఇల్లంతయు వెదకెను. తరువాత ఇంటి పనికత్తె మేరీ హిల్లియర్ ఎన్నో చిత్రములలో మరియమాతగా కూర్చుండెను. కూలికి వచ్చినవారికంటె ఇంటివారు, ఇరుగుపొరుగువారే ఆమె కళకు ఎక్కువగా తోడ్పడిరి.

ఇక మన తెలుగునాట జరిగిన దానిని చూతము. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్‌కు రాజులు, దొరలు కొదువలేదు. కాని ఘోషా పాటించు స్త్రీలు పురుషుని కెమేరా యెదుటకు రాజాలకుండిరి. అందులకై 1892లో హైదరాబాదున ఆయన జనానా స్టూడియోను నెలకొల్పి, శ్రీమతి కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల వనితను అందు నియమించెను. కూర్చుండువారి మర్యాదకు తగినట్లు స్టూడియో మారవలెనేగాని, స్టూడియో కొరకు వారు మారనక్కరలేదని దీనివలన తెలియుచున్నది.

బెంగుళూరులోని మన విద్యార్థులకు ఖరీదైన సామగ్రి అవసరము లేదు. ఎండ నేరుగా పడని కిటికీ ప్రక్కన అమ్మమ్మనో, తాతయ్యనో పీటపై కూర్చుండబెట్టి, ముఖమును కొంచెము వెలుతురువైపు త్రిప్పుమనవలెను. రెండవ ప్రక్క తెల్లని పంచెను పరచి పట్టినచో నీడ తేలికపడును. మొబైల్ ఫోనుతో తీయునప్పుడు మరీ దగ్గరకు పోరాదు. పోయినచో ముక్కు పెద్దదిగా కనబడును. కెమేరా వారి కన్నుల యెత్తుననే యుండవలెను.

ముఖ్యమైన సాధనము మరియొకటి కలదు. అది మాట. కెమేరాను చూడగానే ముఖము బిగిసికొనును. పుట్టిన ఊరిని గూర్చియో, పూర్వపు పంటలను గూర్చియో తెలుగులో అడిగినచో ఆ బిగువు సడలును. వీథిలో పూలమ్మునామెను తీయగోరినప్పుడు ఆమెది కన్నడమైన కన్నడములోనే పలుకరింపవలెను. ఎవరి భాష వారికి చుట్టము వంటిది.

అనుమతి లేక యెవరి చిత్రమును తీయరాదు. పిల్లలను తీయునప్పుడు తల్లిదండ్రుల నడుగవలెను. వలదన్నచో నమస్కరించి మరలవలెను. తీసిన చిత్రము ప్రతి నొకదానిని వారికి తప్పక ఇయ్యవలెను. పదిమందికి పంపుటకు ముందు మరల నడుగవలెను. మాట నిలుపుకొన్నవానికి రెండవ మనుష్యుని మొదటివారే తెచ్చి చూపుదురు.

తల్లిదండ్రులకును మా మనవి యొకటి. పెద్దలు గతించిన తరువాత గుర్తింపు కార్డులోని చిన్న బొమ్మనే పెద్దదిగా చేయించి దండ వేయు ఇండ్లు మనలో ఎన్నో కలవు. ఆ బొమ్మలో వారి చిరునవ్వు ఉండదు. పల్లె విడిచి ఈ నగరమున స్థిరపడిన మన కుటుంబములకు ఆ ముఖములే పూర్వపు ఊరికి గుర్తు. నేర్చుకొను పిల్లవాడు వచ్చి "ఒక్క నిమిషము కూర్చుండుడు" అని అడిగినప్పుడు పనియున్నదని త్రోసివేయక కూర్చుండుడు. వానికి విద్య అబ్బును. ఇంటికి ఒక జ్ఞాపకము మిగులును.