3.4 శాంతి పరిరక్షక దళాలు – లైంగిక దోపిడీ: నిర్వచనం

ఐక్యరాజ్య సమితి శాంతి పరిరక్షక దళాల విధుల గురించి ఇంతకు ముందు భాగంలో తెలుసుకున్నారు. రక్షించడానికి వెళ్ళిన వారే స్థానికులను దోచుకుంటే దానిని ఎలా నిర్వచించాలో ఇప్పుడు పరిశీలిద్దాం.

3.4.1 నేపథ్యం

2002లో గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల శరణార్థి శిబిరాలలో ఆహారం ఆశ చూపి బాలికలను లొంగదీసుకుంటున్నారన్న ఆరోపణలు వెలుగులోకి వచ్చాయి. ఆ తరవాత, 2003 అక్టోబరు 9న, ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ఒక ప్రత్యేక ఉత్తర్వు జారీ చేశారు.

3.4.2 నిర్వచనం

ఈ ఉత్తర్వు ప్రకారం, ఎదుటి వ్యక్తి నిస్సహాయతను గాని, అధికార వ్యత్యాసాన్ని గాని, నమ్మకాన్ని గాని లైంగిక ప్రయోజనాల కోసం దుర్వినియోగం చేయడం, అందుకు ప్రయత్నించడం లైంగిక దోపిడీ. దాని ద్వారా ఆర్థిక, సామాజిక, రాజకీయ లాభం పొందడం కూడా దీని కిందికే వస్తుంది. బలవంతంగా గాని, అసమాన పరిస్థితులలో గాని శారీరకంగా లైంగిక చర్యకు పాల్పడడం, పాల్పడతామని బెదిరించడం లైంగిక దౌర్జన్యం. ఈ రెండింటికీ గల తేడాను గమనించండి. దోపిడీకి బలప్రయోగం అవసరం లేదు.

"ఆమె ఇష్టపడింది కదా?" అన్న సందేహం మీకు రావచ్చు. కాంగోలోని బునియా పట్టణంలో కొందరు బాలికలు తిండి కోసం, కొద్దిపాటి డబ్బు కోసం శాంతి సైనికులకు లొంగిపోయినట్లు 2004లో సమితి జరిపిన విచారణలో తేలింది. ఆకలి ఉన్న చోట ఆహారం ఎవరి చేతిలో ఉంటే అధికారం వారిదే. కాదనే వీలు లేని చోట ఔననడం సమ్మతి కాదు.

అందువల్ల ఉత్తర్వు ఈ నియమాలను విధించింది:

(అ) 18 ఏళ్ళు నిండని వారితో లైంగిక సంబంధం నిషిద్ధం. స్థానిక చట్టం అనుమతించినా, వయస్సు పొరబడ్డామన్నా చెల్లదు.
(ఆ) డబ్బు, ఉద్యోగం, వస్తువులు, సేవలు ఎరగా చూపి లైంగిక సంబంధం పెట్టుకోరాదు.
(ఇ) తోటి ఉద్యోగిపై అనుమానం కలిగితే ఫిర్యాదు చేయాలి.

3.4.3 పరిమితి

నిర్వచనం ఉన్నంత మాత్రాన శిక్ష పడదు. సైనికులపై క్రిమినల్ విచారణ జరిపే అధికారం సమితికి గాని, ఆతిథ్య దేశానికి గాని లేదు. వారిని పంపిన దేశానికే ఉంది. దోపిడీ విస్తృతంగా జరిగినట్లు నమ్మదగిన ఆధారాలుంటే ఆ సైనిక విభాగాన్నే వెనక్కి పంపవచ్చని భద్రతా మండలి 2016లో 2272వ తీర్మానంలో సమర్థించింది. కాని వెనక్కి పంపడం శిక్ష కాదు. ఈ దళాలకు ఎక్కువ మందిని పంపే దేశాలలో భారతదేశం ఒకటి. కాబట్టి మన సైనికుడిపై ఆరోపణ వస్తే, ఎక్కడో ఉన్న బాధితురాలికి న్యాయం చేయవలసిన బాధ్యత మనదే అవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. లైంగిక దోపిడీకి, లైంగిక దౌర్జన్యానికి గల భేదం ఏమిటి?
2. శరణార్థి శిబిరంలో 'సమ్మతి' ఎందుకు చెల్లదో వివరించండి.