రాళ్లను చదివిన పంతులుగారు!

సైనిక్‌పురిలో బయల్దేరి, ఈసీఐఎల్ చౌరస్తా దాటి కీసర దారి పడితే గుట్ట మీద రామలింగేశ్వరుడు కనిపిస్తాడు. శివరాత్రికి అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. కొబ్బరికాయ కొట్టి, పిల్లలకు కోతుల్ని చూపించి ఇంటిదారి పట్టేవాళ్లే ఎక్కువ. కానీ ఆ గుట్ట మీదే ఒక బండ ఉంది. దానిమీద ‘తొలుచువాన్డ్రు’ అన్న ఒకే ఒక్క మాట. అంటే రాళ్లు తొలిచేవాళ్లు అని. సుమారు అయిదో శతాబ్దం నాటిదని పండితుల అంచనా. తెలంగాణలో దొరికిన అతి పాత తెలుగు మాటల్లో ఇదొకటి!

ఇలాంటి రాళ్లు ఊరూరా ఉన్నాయి. మరి వాటిని చదవాలని ముందుగా తపించిందెవరు? వాళ్లలో ముందు వరసలో నిలిచేది ఓ బడిపంతులు. పేరు ఆదిరాజు వీరభద్రరావు.

దెందుకూరు నుంచి...

ఆదిరాజు 1890లో మధిర దగ్గరి దెందుకూరులో పుట్టారు. హైదరాబాద్‌లో ఆయన చదువుకు అండగా నిలిచింది రావిచెట్టు రంగారావు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించిన పెద్దల్లో ఆయనొకరు. ఆ గ్రంథాలయ వాతావరణమే ఆదిరాజుకు పుస్తకాల రుచి చూపించింది. తరవాత కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర విజ్ఞాన సర్వస్వం పనిలో కొంతకాలం సహాయకుడిగా ఉన్నారు. ఆధారం లేనిదే అక్షరం రాయకూడదన్నది కొమర్రాజు పద్ధతి. శిష్యుడికీ అదే అలవాటైంది. మళ్లీ హైదరాబాద్ వచ్చి తెలుగు పంతులుగా స్థిరపడ్డారు. చాదర్‌ఘాట్ హైస్కూల్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు.

అప్పటి నిజాం రాజ్యంలో అధికార భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా ఉర్దూలోనే. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఓ సభలో తెలుగులో ప్రసంగించబోయిన వక్తను ఎగతాళి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మన భాషకు గతమే లేదన్నట్టు చూసేవాళ్లకు ఏం చూపించాలి? ఆదిరాజు, ఆయన మిత్రులు శాసనాలను చూపించాలనుకున్నారు.

కాగితం మీదికి రాయి

1923లో కొమర్రాజు కన్నుమూశారు. ఆయన పేరిట నడిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలికి ఆదిరాజు కార్యదర్శి. జీతాలిచ్చే సంస్థ కాదది. చరిత్ర మీద మమకారం ఉన్నవాళ్లే దానికి బలం.

శాసనం నకలు తీయడానికి ఓపిక కావాలి. రాతిని శుభ్రంగా కడగాలి. తడి కాగితం పరచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్‌తో మెల్లగా కొట్టాలి. పైన సిరా అద్దాలి. గుంటల్లో సిరా అంటదు కాబట్టి నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా తేలతాయి. ఆరాక ఊడదీసి, ఒక్కో అక్షరం పోల్చుకుంటూ చదవాలి. అలా సేకరించిన వాటితో మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటం తెచ్చింది.

ఇంతా చేస్తే రాళ్లలో ఏముంటుంది? రాజుల బిరుదులే కాదు... చెరువులు, పన్నులు, దానమిచ్చిన భూముల హద్దులు కూడా! కాకతీయ గణపతిదేవుడి కాలంలో పాకాల చెరువు తవ్వించింది జగదాల ముమ్మడి అని మనకు చెప్పింది అక్కడి శాసనమే. అది చెరిగిపోయి ఉంటే ఆ పేరు కూడా పోయేది.

ఆదిరాజు ‘ప్రాచీనాంధ్ర నగరములు’ రాశారు. పదహారో శతాబ్దం మొదట్లో ఓరుగల్లు ఏలిన షితాబుఖాన్ కథనూ పుస్తకంగా తెచ్చారు. 1973లో మరణించేదాకా చరిత్రే లోకం.

అక్కడా ఓ మాస్టారే!

బడిపంతుళ్లు ఇలాంటి పని చేయడం మన దగ్గరే కాదు. జర్మనీలోని గోటింగెన్‌లో గ్రోటెఫెండ్ అనే స్కూలు మాస్టారు 1802లో ప్రాచీన పర్షియా శాసనాల మీద కూర్చున్నాడు. మేకుల్లాంటి ఆ గుర్తుల్లో దాగిన రాజుల పేర్లను పట్టేశాడు. ఇద్దరి రోజువారీ కొలువూ తరగతి గదిలోనే.

ఆదిరాజు తరం దాచకపోతే పోయేవి ఎన్నో. ఇప్పటికీ పోతున్నవీ ఉన్నాయి. క్వారీల్లో పేలిపోయేవి కొన్ని, గుళ్లకు రంగులేసినప్పుడు మూసుకుపోయేవి కొన్ని, బట్టలుతికే బండలై అరిగిపోయేవి మరికొన్ని.

అందుకే ఈసారి కీసర వెళితే దర్శనం అయ్యాక పిల్లల్ని ఆ బండ దగ్గరికీ తీసుకెళ్లండి. పండక్కి ఊరెళ్లినప్పుడు గుడి వెనకో, చెరువు గట్టు మీదో అక్షరాలున్న రాయి కనిపిస్తే ఫొటో తీసి పురావస్తు శాఖకు కబురందించండి. సున్నం మాత్రం వేయనివ్వకండి. బడి గంట కొట్టాక మిగిలిన పొద్దులో ఆ పంతులుగారు అంత పని చేశారు. మనం ఈ మాత్రం చేయలేమా?