పొగగొట్టానికి మెరుగు: పనిమాటల గురించి కొంత

ఆ మధ్య ధర్మాబాదు వైపు నుంచి వచ్చే విద్యార్థి ఒకరు తాతగారి పెట్టెలో దొరికిన కర్ర పైపు ఒకటి తెచ్చి, "దీన్ని తెలుగులో ఏమంటారు సార్?" అని అడిగారు. పొగగొట్టం అనవచ్చు. కాని వస్తువు బయటినుంచి వచ్చింది, పేరునూ వెంట తెచ్చుకుంది. దాన్ని తయారుచేసే పనికి మాత్రం మనకు మాటలున్నాయి. మేము చెప్పదలచింది ఆ మాటల గురించి. పొగ అలవాటును మెచ్చుకోవడం మా ఉద్దేశం కాదు, అది క్యాన్సరుకు దారి.

మరాఠీ 'తంబాఖూ' పోర్చుగీసు మాటకు రూపాంతరం. తెలుగు, తమిళం, కన్నడం అరువు తెచ్చుకోకుండా పొగను, ఆకును కలిపి సొంత మాట కట్టుకున్నాయి. చుట్టేది గనుక చుట్ట అయింది. 'చిలుము' పారసీది.

చిలుము మట్టితో చేస్తారు, మట్టికి నిప్పు భయం లేదు. కర్రకు ఉంది. అందుకే ఐరోపాలో మధ్యధరా ప్రాంతపు బ్రయర్ పొద వేరుబుడిపెను ఎంచుకున్నారు. అది తొందరగా కాలదు. దాన్ని గంటల తరబడి నీళ్లలో ఉడికించి వగరు దించి, నెలల తరబడి నీడన ఆరబెడతారు. మేము ఒకసారి నల్లతుమ్మ చేవతో ప్రయత్నించాం. గట్టి కర్రే, కాని పూర్తిగా ఆరలేదు. మెరుగంతా పెట్టాక రెండో వారంలో గిన్నె నిలువునా పగిలింది. తొందర మాదే.

దిమ్మ మీద గీత గీసి, ఆకారం చెక్కకముందే రంధ్రాలు తొలవాలి. చదరంగా ఉన్న దిమ్మనైతే కదలకుండా బిగించవచ్చు. పొగాకు పట్టే గిన్నె సుమారు రెండు సెంటీమీటర్ల వెడల్పు. పొగదారి నాలుగు మిల్లీమీటర్లకు మించదు. ఆ సన్న దారి సరిగ్గా గిన్నె అడుగున తేలాలి. పైన తేలితే అడుగు పొగాకు కాలక తడిసి ముద్దవుతుంది. తరువాత రంపం, ఆకురాయి, ఉప్పుకాగితం. ముతక కాగితంతో మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టూ సన్నకాగితానికి రావాలి. మెట్టు దాటితే ముందటి గీరలు రంగు వేశాక బయటపడతాయి. నడుమ తడిగుడ్డతో తుడిస్తే అణిగిన పీచు లేస్తుంది. ఆరనిచ్చి మళ్లీ రుద్దాలి. ముదురు రంగు వేసి పైపైన రుద్దేస్తే మెత్తని చోట రంగు నిలిచి, గట్టి చోట పోయి, కర్రలోని రేఖలు పైకి తేలతాయి. చివర మైనం పట్టించి గుడ్డతో తోమాలి. గిన్నె లోపలికి ఇవేవీ తగలకూడదు.

మన పక్కనున్న నిర్మల్‌లో పని ఇందుకు ఎదురు. అక్కడి తేలికైన పొనికి కర్ర బొమ్మలకు చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, పైన తెల్లపూత, దానిపైన రంగులు వేస్తారు. కర్ర కనబడదు, కనబడనక్కరలేదు కూడా. అది పూత. మెరుగు వేరు: మెరుపుకు చుట్టం, ఉన్నదాన్నే వెలికి తెస్తుంది. పైపుకు దళసరి పూత వేస్తే వేడికి పొక్కుతుంది.

ఆ విద్యార్థి తండ్రిగారు వడ్రంగి. దుకాణంలో ఆయన నోట వచ్చేవి రంధా, కానస. చిత్రిక, ఆకురాయి అన్న మాటలు తాతగారి వరకే ఉన్నాయట. బిలోలి, దెగ్లూరు, కిన్వట్ వైపు విద్యార్థులు ఈ సెలవుల్లో తమ ఊరి వడ్రంగుల వద్ద కూర్చుని, ఒక్కొక్క పనిముట్టునూ చూపించి, ఇంట్లో దాన్ని ఏమనేవారో అడిగి రాసి తెండి. పెద్దవాళ్లను ముందు అడగండి.